రెండో తీగ

చిక్కడపల్లి,
జూన్ 14, 2024

ప్రియమైన విద్యకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. పోస్ట్‌మాన్ బెల్లు కొట్టి కొట్టి విసిగి, కిటికీలోంచి లోపలికి విసిరేసి పోయాడు. కొత్తగా వచ్చాడు, ఈ ఇంటావిడకి చెవుడని ఇంకా తెలియదు పాపం. చెవి మిషను పెట్టుకోమని నువ్వు రాస్తూనే ఉంటావు, నేను పెట్టుకోకుండానే ఉంటాను. దాంట్లోంచి నారాయణగూడ ఫ్లైఓవర్ మీది హారన్లన్నీ నా తలకెక్కుతాయి తప్ప మనిషి మాట ఒక్కటీ తిన్నగా రాదు. ఈ కాలంలో ఉత్తరాలేమిటని మీ సూర్యప్రకాశరావుగారు నవ్వుతున్నారా? నవ్వనీ. ఫోను నాకు వినపడదు, ఆ చిన్న తెర మీద అక్షరాలు ఏరుకునే ఓపికా లేదు. అయినా అమ్మ ఉన్నన్నాళ్లూ కాకినాడ నుంచి నీ ఉత్తరం వస్తే పండగే కదా. ఉయ్యాల బల్ల మీద ఎడమవైపు, కిటికీ గోడ దగ్గర కూర్చుని, చదవవే సుందరీ అనేది. అయిపోయాక, ఇంతేనా, ఇంకాస్త రాయడానికి దానికేం చేతులు నొప్పా అనేది.

నిన్న కూడా ఆ బల్ల పక్కన కుర్చీ వేసుకుని పైకే చదివాను. అమ్మ పోయి ఏడు నెలలవుతున్నా ఈ అలవాటు పోలేదు. నా గొంతు నాకే వినపడదు, వినేవాళ్లూ లేరు. పిచ్చిదాన్ననుకో.

మేడ మీద వాటా సంక్రాంతి వెళ్లాక కిరాయికిచ్చానని రాశానుగా. పవన్‌కుమార్ అనే అతను రీడింగ్ హాలు పెట్టాడు. అశోక్‌నగర్ కోచింగుల కోసం వచ్చి, లైబ్రరీలో చోటు దొరకని పిల్లలంతా మధ్యాహ్నం మెస్సులో తినేసి మూడింటికల్లా వచ్చి కూర్చుంటారు. గోడలకి అరల నిండా పుస్తకాలు, నీళ్ల డ్రమ్ములు. అంతమంది ఉన్నా సద్దే ఉండదని మన ఇంట్లో పనిచేసే ఈదమ్మ మెచ్చుకుంటుంది.

ఇక అసలు సంగతి. నవ్వకుండా చదువు. ఉయ్యాల బల్ల కిందికి దిగుతోంది.

అమ్మ కాళ్లు పెట్టుకునే పీట గుర్తుందా? లేచేటప్పుడు దాన్ని కాలితో బల్ల కిందికి తోసేది. పీటకీ బల్లకీ మధ్య నా అరచెయ్యి హాయిగా పట్టేది. మొన్న ఊడుస్తూ ఈదమ్మ పీటను తోస్తే ఎడమవైపు దూరలేదు. కుడివైపు దూరింది. ఎడమవైపే, అమ్మ కూర్చునే వైపే, బల్ల వంగి ఉంది. ఖాళీ ఉయ్యాల ఊగకూడదని అమ్మ పోయిన రోజు సన్నికల్లు పొత్రం తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది నువ్వే. బారసాలలో బిడ్డకంటే ముందు పొత్రాన్ని ఉయ్యాల్లో వేస్తాం కదా, ఆ లెక్కన ఇది ఖాళీ కాదక్కా అన్నావు. ఆ పొత్రం ఇప్పుడు మధ్యలో లేదు. అమ్మ చోట్లో ఉంది. ఈదమ్మ ముట్టుకోలేదంటుంది, నేను ముట్టుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో కిర్రుమంటుందట. ఈదమ్మ నా ముందుకొచ్చి నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పింది. "పెద్దమ్మ వచ్చి కూసుంటుందమ్మా. ఆ గది నేను ఊడ్వ. నువ్వే ఊడ్సుకో." ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఇలాంటివి నమ్ముతానా? సరే, నేనే ఊడ్చుకుంటున్నాను.

నీ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

నీ చెవిటి అక్క,
బాలత్రిపురసుందరి


కాకినాడ,
జూన్ 21

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి వెంటనే ఈయన చేతికిచ్చాను. ఈయన చదివి ముందు నవ్వారు, తరవాత ఎందుకో నవ్వడం మానేసి లేచి వెళ్లిపోయారు. పొత్రం దానంతటది ఎలా జరుగుతుందే? నిన్న రాత్రి పడుకుంటే అదే కళ్లముందు.

అక్కా, నువ్వు నమ్మవు, నాకు తెలుసు. నీకు దేవుడు కూడా కొలిచి చూపిస్తేనే దేవుడు. కానీ అమ్మ సంవత్సరీకం కూడా కాలేదు. ఆవిడకి ఆ బల్ల మీద ఎంత ప్రాణమో మనకి తెలియనిదా? ఆస్పత్రిలో ఆఖరి రోజు కూడా ఇంటికెళ్లి ఉయ్యాల్లో కూర్చుంటానంది. డాక్టరు గదిలో తూకం మిషను మీద నిలబెట్టినప్పుడు, ఇది ఊగదేమిటే అని నవ్వింది. నాకు ఏడుపొస్తోంది, ఆపేస్తున్నాను.

నేను చెప్పేది ఒక్కటే. ఆ బల్లని దించేసి అటకెక్కించు. నువ్వు ఆ గదిలో ఒక్కదానివీ కూర్చోకు. ఇక్కడికొచ్చెయ్. రాత్రి గౌతమి రైలు ఎక్కితే తెల్లారేసరికి నా వాకిట్లో ఉంటావు. చెవులు వినపడని మనిషివి, ఆ ఇంట్లో నీకేమైనా అయితే అరిచి పిలిచినా నీకు తెలియదు. నా భయమంతా అదే.

కింద ఒక వాక్యం కొట్టేసి ఉంటుంది, చూడు. అమ్మకి చదివి వినిపించు అని రాసేశాను, ఎప్పటి అలవాటో. కొట్టేశాక మనసు ఒప్పలేదు. చెరిపినా అర్థమవుతుంది కదా, ఉండనీ.

నీ చెల్లెలు,
విద్యావతి


చిక్కడపల్లి,
జులై 9

ప్రియమైన విద్యా,

అటకెక్కించడం అయ్యే పని కాదు గాని, నేను చేసిన పని చెబుతాను విను. నీకు అర్థమయ్యేలా రాస్తాను, కంగారుపడకు.

ముందు నేనూ మామూలుగానే ఆలోచించాను. బల్లని మోసేవి నాలుగు సన్నని ఇనప కమ్మీలు. ఎడమవైపు కమ్మీలు సాగితే ఎడమవైపు బల్ల దిగుతుంది. ఇనుమైనా సరే, బరువు వేలాడదీస్తే సాగుతుంది. బరువు తీసేస్తే మళ్లీ తన పొడవుకి తను వస్తుంది. అది స్థితిస్థాపకత. మరీ బరువు పెడితే ఒక అవధి దాటుతుంది, ఇక బరువు తీసినా వెనక్కి రాదు, సాగింది సాగినట్టే ఉండిపోతుంది. అయితే ఆ అవధి దాటించడానికి పొత్రం చాలదు, అమ్మా చాలదు. కాబట్టి కొలవాలి.

కాలేజీలో పాత ల్యాబు సామాను పారేసినప్పుడు తీగల సాగుదల కొలిచే పరికరం ఒకటి నేను తెచ్చుకున్నానుగా, నాన్న ట్రంకు పెట్టెలో ఉంది. దాని కిటుకంతా రెండు తీగల్లో ఉంది. బరువు మోసే తీగ ఒకటి, దాని పక్కనే ఊరికే వేలాడే రెండో తీగ ఒకటి. రెంటి మధ్యా ఒక చిన్న రసమట్టం, మేస్త్రీలు వాడే లాంటిదే, లోపల గాలిబుడగ. మొదటి తీగ వెంట్రుకవాసి సాగినా బుడగ పక్కకి జరుగుతుంది. స్క్రూ తిప్పి బుడగను మధ్యకి తెస్తే, ఎన్ని గీతలు తిప్పామో అంత సాగినట్టు. ఊరికే వేలాడే రెండో తీగ ఎందుకు అని ప్రాక్టికల్ పరీక్షలో పిల్లల్ని ప్రతి ఏడూ అడిగేదాన్ని. ఎండకి తీగ సాగినా, పైన ఆధారం కుంగినా, రెండూ ఒకేలా దిగుతాయి, తేడాలో అది కనపడదు, తీగ నిజంగా సాగింది మాత్రమే కనపడుతుంది. ఇలా చెప్పినవాళ్లకి పూర్తి మార్కులు.

అలాగే ఎడమవైపు కమ్మీ పక్కన, అదే కొక్కేనికి రెండో తీగ కట్టాను. రసమట్టం బిగించాను. ఈ మూడు వారాలూ పొద్దునా మధ్యాహ్నం చూస్తున్నాను. బుడగ నడిమధ్య మేకు కొట్టినట్టు నిలబడింది, విద్యా. కమ్మీ ఒక్క గీత సాగలేదు. కానీ బల్ల దిగుతూనే ఉంది. ఇదివరకు పీట దూరకపోవడమే, ఇప్పుడు బల్ల అంచు పీట పైభాగానికి రెండు వేళ్లు కిందికొచ్చింది. పొత్రం గోడవైపు ఇంకా జరిగింది. నేను మధ్యలో పెడతాను, నాలుగు రోజుల్లో మళ్లీ అక్కడికే పోతుంది.

ఇనుము సాగలేదు, బల్ల దిగింది. నా చదువుకి ఇక్కడితో ఆఖరు.

నీకొక మాట చెప్పనా. తెలియలేదని నాకు బాధ లేదు. మధ్యాహ్నం మూడింటికి ఆ బల్ల మీద చెయ్యి పెడితే చెక్క సన్నగా అదురుతుంది. నాకు చప్పుడు లేదుగా, చేతికే తెలుస్తుంది. అమ్మ కూర్చుంటూ ఒక్కసారి సర్దుకునేది చూడు, అలా. మొదటిసారి తెలిసినప్పుడు చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. ఇప్పుడు దానికోసం కాచుకుని కూర్చుంటున్నాను. మొన్నటినుంచీ నా మంచం కూడా ఆ గదిలోకే, బల్ల పక్కకే మార్పించాను. ఒంటరిగా ఉన్నట్టు లేదు. ఈదమ్మ గడప దాటి లోపలికి రావడం పూర్తిగా మానేసింది. కాఫీ గ్లాసు గుమ్మంలో పెట్టి పోతుంది.

కాకినాడ రాను. నన్ను పిలవకు. ఈవిడని వదిలేసి ఎలా రానే?

అక్క


కాకినాడ,
జులై 15

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ప్రియమైన అని కూడా రాయలేదు, క్షమించు. తొందరలో ఉన్నాను.

నువ్వు రాసిందే నీకు తిరిగి రాస్తున్నాను, చూడు. పైన ఆధారం కుంగినా రెండూ ఒకేలా దిగుతాయి, తేడాలో అది కనపడదు. ఇది నీ మాట. నీ రెండో తీగ కూడా ఆ కొక్కేనికే కట్టావు. ఆ కొక్కెం ఆ దూలానికే ఉంది. నాకు ఫిజిక్స్ రాదు. కానీ కమ్మీ సాగకుండా బల్ల దిగుతోందంటే, పట్టుకున్నదే కిందికొస్తున్నట్టు కాదా? ఆ దూలం మీద మేడ, మేడ మీద పుస్తకాలు, డ్రమ్ములు, అంతమంది పిల్లలు. కింద నీ మంచం!

మూడింటికి అమ్మ రావడం లేదే. మూడింటికి పిల్లలొస్తున్నారు.

ఈ ఉత్తరం చేరేదాకా నేను ఆగలేను. ఈదమ్మకి ఫోను చేశాను. వాళ్లాయన హనుమప్పని వెంటబెట్టుకుని రమ్మన్నాను. ముందు పైన పిల్లల్ని దించమన్నాను, నిన్ను చెయ్యి పట్టి బయటికి లాగమన్నాను. పోనంటే మీద పడి అయినా లాక్కురమ్మన్నాను. ఇది నీకు అందేసరికి నువ్వు ఆ గదిలో ఉండకూడదు. ఉండకూడదు, అంతే.

విద్య


చిక్కడపల్లి,
జులై 18

ప్రియమైన విద్యకు,

బతికే ఉన్నాను. ముందు ఆ మాట రాసేస్తే నీ గుండె కుదుటపడుతుందని రాస్తున్నాను.

అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వు ఫోను చేసిన రోజు ఈదమ్మ చెప్పులతోనే లోపలికి వచ్చేసింది. నెలరోజులుగా గడప దాటని మనిషి! నా చెయ్యి పట్టి లాగింది. ఏమైందని అడుగుతున్నా చెప్పదు. వాకిట్లో పైనుంచి పిల్లలు పుస్తకాలు గుండెలకి పట్టుకుని దిగుతున్నారు. పవన్‌కుమార్ నామీద కేకలేస్తున్నాడు, అడ్వాన్సు సంగతనుకుంటా. వినపడకపోవడం ఒక్కోసారి వరమే. ఈదమ్మ భర్త హనుమప్ప కట్టడం పనిలో ఉన్నవాడు కదా, తన మేస్త్రీ దగ్గరినుంచి ఇనప జాకీలు ఆటోలో వేసుకొచ్చాడు.

అటక మీది సామాను దించి చూశాడు. దూలం ఎడమ కొస గోడలోకి దిగే చోటు మొత్తం అటక వెనకే ఉంది, మనకెప్పుడూ కనపడదు. ఏళ్ల తరబడి మేడమీద అంట్లు తోమే గుంట నుంచి నీళ్లు కారి, టేకు మెత్తబడి పోయింది. రీడింగ్ హాలు బరువు పడ్డాక, పూటపూటకీ కొంచెం కొంచెం గోడలోంచి జారుతోందట. కిర్రుమన్నది అదే. నా చేతికి తెలిసిన అదురూ అదే. బల్ల ఎడమకి వంగడం వల్ల పొత్రం దొర్లింది. అమ్మ గోడ పక్కన కూర్చునేది గనక మనకది అమ్మ చోటైంది.

హనుమప్ప ఒక గుప్పెడు చెక్క పొడి తెచ్చి నా అరచేతిలో పోశాడు. నాకు తెలిసేలా మెల్లగా అన్నాడు. "అమ్మా, మూల అంతా పిండి అయిపోయింది. ఇన్ని దినాలు ఎట్ల నిలబడ్డదో నాకైతే సమజ్ అయితలేదు."

ఆ సాయంత్రం చీకటి పడకముందే దూలం కొస గోడలోంచి పూర్తిగా ఊడి జాకీల మీద కూర్చుంది. ఇల్లంతా అదిరింది, అది నాకూ తెలిసింది. జాకీలు లేకపోతే అది నా మంచం మీదే. పైన పిల్లలు ఉండి ఉంటే ఏమయ్యేదో రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాకు పూర్తి మార్కుల జవాబు నోటికి వచ్చు, విద్యా. ఆధారం కుంగితే కనపడకుండా చేసే ఏర్పాటు చేసుకుని, దాని ముందు కూర్చుని, ఆధారం కుంగడం కనపడలేదని అమ్మనుకున్నాను. ఇంకెవరైనా అయితే తలెత్తి పైకి చూసేవాళ్లు. మూరెడు చదువు, బారెడు గుడ్డితనం. నువ్వు నవ్వుకో, నీకు హక్కుంది. నా ప్రాణం నిలబెట్టావు.

కానీ ఒకటి దాచను. దూలమే అని తెలిసిన రోజు నేను ఏడ్చాను. భయానికి కాదు. కిందటి కార్తీకంలో అమ్మ పోయినప్పుడు పనుల్లో పడి సరిగా ఏడవనే లేదు. అరచేతిలో ఆ పొడి చూశాక, అయితే ఆ గదిలో ఎవరూ లేరన్నమాట అనిపించింది. అప్పుడు ఆగలేదు.

నీ అక్క


కాకినాడ,
జులై 26

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరాన్ని దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. హనుమప్పకీ ఈదమ్మకీ బట్టలు పెట్టు, నా పేరు చెప్పి. నేను నవ్వలేదు. ఎందుకు నవ్వుతాను? పొత్రం పెట్టి ఈ కథ మొదలుపెట్టింది నేనే కదా.

ఆ బల్ల ఇంకా అక్కడే ఉందా? దూలం కొత్తది వేయిస్తున్నావని ఈదమ్మ ఫోనులో చెప్పింది. బల్ల మళ్లీ కడుతున్నావని కూడా చెప్పింది. ఎందుకే? ఎవరు కూర్చోవాలి దాని మీద? అమ్మ లేదక్కా. నువ్వే చేత్తో పట్టుకుని చూశావు, పొడి. ఆ ఇల్లు తాళం పెట్టి ఇక్కడికి రా. మా వీధిలో సంధ్య అని ఒకమ్మాయి ఉంది, చెవుల డాక్టరు. కొత్త రకం మిషన్లు ఉన్నాయంది. మనుషుల మాటలు వింటావు. రోజూ నాతో మాట్లాడతావు, పోట్లాడతావు. ఉత్తరాల పనే ఉండదు.

నీకు మెత్తగా చెబితే ఎక్కదు. అందుకని గట్టిగా చెబుతున్నాను. నువ్వు వచ్చేదాకా నేను కలం పట్టను. నువ్వు ఎన్ని రాసినా జవాబుండదు. ఉత్తరాలున్నాయి కదా అని నువ్వక్కడ ఉండిపోతున్నావు. ఇదే నా ఆఖరి ఉత్తరం. నీ జవాబు రైలు దిగి నువ్వే చెప్పాలి.

ఎదురుచూస్తూ,
విద్య


చిక్కడపల్లి,
ఆగస్టు 3

ప్రియమైన విద్యా,

జవాబు రాయనన్నావు. రాయకపోయినా ఇది చదువు. రెండుసార్లు చదువు.

దూలం తీసేశారు. దాని చోట ఇనప గడ్డర్ వేశారు, రెండు కొసలా కొత్త సిమెంటు దిమ్మెల మీద. హనుమప్ప దానికి రెండు చేతులతో వేలాడి చూపించాడు. మేడ మీద ఎవరూ లేరు, వాటా ఖాళీ, తాళం నా దగ్గరే ఉంది. బల్లని పాత కమ్మీలతోనే మళ్లీ వేలాడదీయించాను. పొత్రాన్ని వంటింట్లో సన్నికల్లు దగ్గరికి చేర్చేశాను. బల్ల మీద ఏమీ లేదు. కొక్కేనికి రెండో తీగ, రసమట్టం మళ్లీ ఎందుకు కట్టానంటే, పని సరిగ్గా అయిందో లేదో చూసుకోవడానికి. ఈసారి బుద్ధి తెచ్చుకుని గడ్డర్‌కీ నేలకీ మధ్య దూరం కూడా కొలిచి గోడ మీద గీత పెట్టాను. మూడు రోజులు చూశాను. గడ్డర్ కదల్లేదు, బుడగ కదల్లేదు.

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే కుర్చీ వేసుకుని పైకి చదవడం మొదలుపెట్టాను. ప్రియమైన అక్కకి అని చదివి, కళ్లజోడు సర్దుకోబోతూ రసమట్టం వైపు చూశాను. బుడగ మధ్యలో లేదు.

ఫ్యాను ఆపే ఉంది. కిటికీ వేసే ఉంది. ఈదమ్మ గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. నేను చదవడం ఆపి గోడ మీద గీత చూశాను. గడ్డర్ ఉన్న చోటే ఉంది. అంటే ఈసారి ఆధారం కాదు, విద్యా. కమ్మీ సాగింది. ఎడమవైపు కమ్మీ. చదువుతూనే ఒక చేత్తో స్క్రూ తిప్పి బుడగను మధ్యకి తెచ్చాను, మూడు గీతలు పట్టింది. ఇదే నా ఆఖరి ఉత్తరం అని నువ్వు రాసిన మాట దగ్గరికొచ్చేసరికి బుడగ ఒక్కసారి అదిరింది. ఎదురుచూస్తూ విద్య అని చదివి కాగితం మడిచాను. అప్పుడు బుడగ నెమ్మదిగా రెండోవైపుకి పోయింది. స్క్రూ వెనక్కి తిప్పితే మొదట ఉన్న గీత దగ్గరే సరిగ్గా నిలిచింది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. బరువు దిగింది, ఇనుము తన పొడవుకి తను వచ్చింది.

నన్ను నమ్మవని నాకు తెలుసు. నేనే నన్ను నమ్మలేదు. కూర్చుని పేపరు పైకి చదివాను, బుడగ కదల్లేదు. పంచాంగం చదివాను, కదల్లేదు. నీ ఉత్తరమే మళ్లీ మొదటినుంచీ చదివాను. అప్పుడూ కదల్లేదు. ఒకసారి విన్నది మళ్లీ వినడం అమ్మకి ఎప్పుడు ఇష్టం?

కమ్మీ లావూ పొడవూ నాకు తెలుసు, ఇనుము ఎంత బరువుకి ఎంత సాగుతుందో చెప్పే యంగ్ గుణకం నిద్రలో లేపినా చెబుతాను. మూడు గీతల సాగుదలకి బల్ల మీద ఎంత బరువు ఉండాలో లెక్క వేశాను. అంకె ఇక్కడ రాయను. ఆస్పత్రిలో తూకం మిషను ముల్లు ఎక్కడ ఆగిందో నీ కళ్లతో నువ్వే చూశావు, నేను చూశాను.

ఈదమ్మ ఈసారి పారిపోలేదు. లోపలికి వచ్చి, పీటని కాలితో కాదు, చేత్తో తీసి బల్ల ముందు పెట్టింది. తరవాత నా వైపు తిరిగి అంది. "వచ్చేసారి జర నెమ్మదిగ సదువమ్మా. పెద్దమ్మ ఇంటున్నది."

నేను కాకినాడ వస్తాను, సంవత్సరీకం అయ్యాక నాలుగు రోజులుండి వెళ్తాను. నీ చెవుల డాక్టరు దగ్గరికీ వస్తాను, నీతో పోట్లాడతాను కూడా. కానీ ఉత్తరాలు మానెయ్యకు. నువ్వు రాసింది చదివినంతసేపే ఆవిడ కూర్చుంటుంది. నువ్వు అప్పుడు కింద కొట్టేసిన ఆ వాక్యాన్ని ఇకమీదట కొట్టెయ్యకుండా రాయి.

ఈసారి కాస్త పొడుగ్గా రాయవే.

నీ జవాబు కోసం, ఇద్దరం,
చిక్కడపల్లి నుంచి